నాయనకు ఆపరేషన్, మిద్దెకు రిపేరు, నల్లోడికి ముసలితనం: మూడూ కలిసొస్తే ఇల్లు నడుపుకునే పద్ధతి

ఇంట్లో పెద్దాయనకు ఆపరేషన్, ఇంటికి రిపేరు, ఒక ముసలి కుక్క. మూడింట్లో ఏదైనా వాయిదా వేసుకునే వీలుంటే వేసుకోండి. మాకు ఆ వీలు లేకపోయింది. నాయనకు గజ్జల్లో హెర్నియా, అంటే పేగు ముందుకు ఉబ్బుకొచ్చే జబ్బు, పెరుగుతా వచ్చింది, సర్జన్ ఇంక లాగొద్దన్నాడు. 2021 నవంబరు వానల్లో, చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగిన రోజుల్లోనే, కడపలో మా మిద్దె ఉరవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ప్రతి తుఫానుకూ వంటింట్లో గిన్నెలు పెట్టి కూర్చోవాల్సి వచ్చేది. ఇక మా నల్లోడికి పదమూడేళ్లు. వీధికుక్కే, మా గడపలోనే పెరిగాడు. వాడి వయసు మన చేతుల్లో లేదు.

ఇదంతా దాటుకొచ్చాక నాకు గట్టిగా అర్థమైంది ఒకటే. ఇంట్లో బలం తక్కువున్నవాళ్లు యాడ పడుకుంటారు, ఏ నేల మీద నడుస్తారు, ఒంటేలుకు ఎట్లా పోతారు అన్నది ముందు తేల్చుకోవాలి. బేల్దారి (తాపీ మేస్త్రీ) పని ఆ లెక్క చుట్టూ జరగాలి. బేల్దారి ఎప్పుడొస్తే అప్పుడు పని మొదలుపెట్టి, మనుషుల్ని, కుక్కను మూలలకు సర్దుకుంటూ పోతే అందరికీ బాధే.

ఏది ముందు, ఏది వెనక

మిద్దె, బాత్రూం ఆపరేషన్‌కు ముందే అయిపోవాలి. గోడలు కొట్టే పని, బండలు కోసే పని ఒకటో రెండో మిగిలితే, ఆపరేషన్ అయిన నెలా నెలన్నర వరకు వాటి జోలికి పోవద్దు. రంగులు అన్నిటికన్నా చివర.

ఇది చెప్పినంత సులువు కాదు, ఎందుకంటే మధ్యలో పని ఆపితే బేల్దారి ఇంకో చోట ఒప్పుకుంటాడు, మళ్లీ దొరకడు. అందుకని మొదటి రోజే రెండు ఒప్పందాలుగా మాట్లాడుకోండి. మిద్దె, బాత్రూం ఒక ఒప్పందం, దాని డబ్బు దానికే. లోపలి పని ఇంకో ఒప్పందం, ఫలానా నెల తర్వాత మొదలు. మా బేల్దారితో నేను, "అన్నా, నాయన కుట్లు మానేదాకా ఇంట్లో సుత్తి శబ్దం వద్దు, నీకు కుదురుతుందా లేదా ఇప్పుడే చెప్పు" అని అడిగాను. "సరేలే అక్కా, బయట ఇంకో పని చూసుకుంటా, నువ్వు ఫోన్ చేస్తే వస్తా" అన్నాడు. ముందే చెప్పినందుకు వచ్చాడు కూడా.

కాలం కూడా చూసుకోవాలి. మా కడపలో ఏప్రిల్, మే నెలల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. గజ్జల్లో కట్టు పెట్టుకుని ఆ చెమటలో పడుకోవడం నరకం. సంక్రాంతి దాటిన తర్వాత నుంచి శివరాత్రి వరకు మనిషికీ, మిద్దెకూ, కుక్కకూ అనుకూలంగా ఉంటుంది. వానలు ఉండవు కాబట్టి మిద్దె ఎండి ఉంటుంది. అయితే కాలం చూసుకునేది సర్జన్ ఆగొచ్చన్నప్పుడు మాత్రమే. గజ్జల్లో ఉబ్బు గట్టిపడి, పడుకున్నా లోపలికి పోకుండా, నొప్పి ఎక్కువై వాంతులు వస్తే పేగు ఇరుక్కుందని అనుమానించాలి. అప్పుడు ముహూర్తం, బేల్దారి అన్నీ పక్కన పెట్టి, అర్ధరాత్రయినా రిమ్స్‌కో, దగ్గరున్న పెద్దాసుపత్రికో పరుగెత్తాలి.

మిద్దె సంగతి క్లుప్తంగా చెప్తా. పాత పూత ఊడిన చోట్ల తీసేసి, పగుళ్లు పూడ్చి, నీళ్లు గొట్టం వైపు పోయేలా వాలు పెట్టించాలి. రోజూ తడుపుతూ కనీసం వారం క్యూరింగ్ చేయించాలి. తర్వాత గొట్టాలకు గుడ్డలు కుక్కి, రెండంగుళాల నీళ్లు రెండు రోజులు నిలబెట్టి కింద సీలింగ్ చూడాలి. చెమ్మ మచ్చ కనిపించకపోతేనే ఆ ఒప్పందం డబ్బు పూర్తిగా ఇవ్వాలి.

బాత్రూంలో దాపరికం వద్దు

పెద్దవాళ్లు ఈ విషయం నోరు తెరిచి అడగరు, మనమే ముందు ఆలోచించాలి. హెర్నియా ఆపరేషన్ అయిన మనిషి గొంతుకూర్చుని లేవాలంటే పొత్తికడుపు మీద భారం పడుతుంది. ఇండియన్ దొడ్డి ఉంటే పక్కన వెస్టర్న్ కమోడ్ పెట్టించండి. చోటు లేకపోతే మందుల షాపుల్లో, సర్జికల్ షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది. కమోడ్ పక్క గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలి. టైల్స్ అంటించే ముందే బేల్దారికి చోటు చూపిస్తే గోడ గట్టిగా ఉన్న చోట బోల్టు దిగుతుంది. తర్వాత బిగించిన కడ్డీ మనిషి బరువుకు ఊడొస్తే అది లేనిదానికన్నా ప్రమాదం.

తలుపు బయటికి తెరుచుకునేలా మార్చండి. లోపల ఎవరన్నా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపు ఆ మనిషికే అడ్డుపడి తెరవలేము. నేలకు గరుకు టైల్స్ వేయించాలి. వాలు సరిగ్గా ఉందో లేదో ఒక బకెట్ నీళ్లు కుమ్మరిస్తే తెలుస్తుంది. నీళ్లు మూలల్లో నిలిస్తే సిమెంటు ఆరకముందే మళ్లీ చేయించండి. గడప ఎత్తు తగ్గించండి. మా నల్లోడు ముసలితనంలో రాత్రిళ్లు బాత్రూంలోకి పోయి ఒంటేలు పోసుకోవడం నేర్చుకున్నాడు, గడప తగ్గించినందుకు వాడికీ సుఖమైంది.

ఆపరేషన్ రోజూ, తర్వాతా

ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేటట్లుంటే ఆ ఆసుపత్రికి, ఆ ఆపరేషన్‌కు అది వర్తిస్తుందా అని చేరకముందే అక్కడి సహాయ కేంద్రంలో అడగాలి. జనం నోట అదింకా ఆరోగ్యశ్రీనే, అట్లా అడిగినా చెప్తారు. ఇంట్లో వాడుతున్న మందుబిళ్లలన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి. బీపీ, షుగర్ బిళ్లలు, ముఖ్యంగా రక్తం పలచబడేందుకు వేసుకునే ఆస్పిరిన్ లాంటివి డాక్టరుకు చూపించాలి. ఏది ఆపాలో, ఏది వేసుకోవాలో ఆయన చెప్పాలి, మనంతట మనం ఆపకూడదు. మత్తుకు ముందు అన్నం, టిఫిన్ కనీసం 6 గంటల ముందే ఆపమంటారు. నీళ్ల సంగతి మత్తు డాక్టరు చెప్పిన టైము ప్రకారమే నడుచుకోవాలి.

చాలామందిని అదే రోజో మరుసటి రోజో ఇంటికి పంపిస్తారు. పంపే ముందు ఒంటేలు వచ్చిందా లేదా చూసుకోండి. నడుముకు మత్తు ఇచ్చిన తర్వాత పెద్ద వయసు మగవాళ్లకు అది బిగుసుకుపోవడం మామూలే. సిగ్గుపడి చెప్పరు. నర్సును పిలిచి మనమే చెప్పాలి.

ఇంటికొచ్చాక మొదటి వారంలో గాయం చుట్టూ, కింద వృషణాల దాకా కూడా నీలంగా కమిలి కొంచెం వాచొచ్చు. చూస్తే భయమేస్తుంది కానీ మెల్లగా తగ్గిపోతుంది. వాపు గబగబా పెరుగుతున్నా, గాయం ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆ రోజే సర్జన్‌కు చూపించాలి.

లేవడం నేర్పించండి. మల్లకిల పడుకున్నవాళ్లు నేరుగా లేవకుండా పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, చేతులు ఊని లేవాలి. దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు దిండును గాయం మీద అదిమి పట్టుకోవాలి. నాయన మంచం మీద దిండు కాకుండా చేతికందేలా ఒక చిన్న దిండు ఎప్పుడూ ఉండేది. మంచానికే అతుక్కుని ఉండకూడదు, మొదటి రోజు నుంచే ఇంట్లో నాలుగడుగులు వేయించాలి.

బరువుల విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. నీళ్ల క్యాను, గ్యాస్ సిలిండర్, సిమెంటు బస్తా ఇవేవీ నెలా నెలన్నర దాకా ముట్టుకోకూడదు. రిపేరు మళ్లీ మొదలైన ఇంట్లో పెద్దాయన ఊరికే కూర్చోలేడు, ఒక బండ వంకరగా కనిపిస్తే వంగి సర్దబోతాడు. మా నాయనకు నేను వరండాలో కుర్చీ వేసి నోటుపుస్తకం ఇచ్చాను. ఎన్ని బస్తాలు దిగాయి, ఎంత ఇసుక వచ్చింది, కూలీలు ఎంతమంది వచ్చారు, అన్నీ ఆయనే రాసేవాడు. ఆ లెక్క మాకు నిజంగా పనికొచ్చింది, ఆయన కూడా కుర్చీ వదల్లేదు.

తిండి గురించి చెప్పకపోతే మా పెద్దమ్మ ఊరుకోదు. "పప్పు పెట్టొద్దమ్మా, చీము పడుతుంది" అని ఆమె పట్టుబట్టింది. సీమలో ప్రతి ఇంట్లోనూ ఈ మాట వింటాం. "పెద్దమ్మా, డాక్టరును నీ ముందరే అడుగుదాం రా" అని ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయాను. చీము పట్టేది గాయంలో సూక్ష్మక్రిములు చేరడం వల్ల, పప్పు వల్ల కాదని, పప్పు, గుడ్డు, పాలు గాయం మానడానికి కావాలని ఆయన ఓపికగా చెప్పాడు. ఆ మాట ఆమె మనసుకు పట్టింది, మరుసటి రోజు ఆమే పప్పు చేసి తెచ్చింది. పథ్యం పేరుతో మనిషిని ఎండగట్టొద్దు. ముక్కి విరేచనానికి పోవాల్సిన పరిస్థితి రాకుండా చూడటమే అసలు పథ్యం. నొప్పి మాత్రల్లో కొన్ని మలబద్ధకం చేస్తాయి. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం సొరకాయో బీరకాయో, అరటిపండు, నీళ్లు బాగా. అప్పటికీ కాకపోతే డాక్టరును అడిగి మందు తెచ్చుకోండి.

దుమ్ము

ఆపరేషన్‌కూ ఇంటి రిపేరుకూ అసలు గొడవ దుమ్ము దగ్గరే. దుమ్ము పీలిస్తే దగ్గు, ప్రతి దగ్గుకూ కుట్ల మీద ఒత్తిడి. అందుకే మిగిలిన పని నెలన్నర తర్వాత మొదలుపెట్టినా ఒక గదిని పూర్తిగా పనికి బయట పెట్టండి. మంచం, మందులు, ఫ్యాను, బాత్రూంకు దారి అన్నీ ఆ గదికి ఉండాలి. గుమ్మానికి తడిపిన గోనెపట్టలు రెండు పొరలుగా వేలాడదీసి, తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కండి. గోనెపట్ట మీద ఎప్పటికప్పుడు నీళ్లు చల్లుతూ ఉంటే దుమ్ము దానికే పట్టుకుంటుంది. చీపురుతో ఊడవొద్దు, తడిబట్టతో తుడవాలి. గోడ కొట్టేముందు నీళ్లు కొట్టించండి. టైల్, బండ కోసే మిషన్ ఇంటి బయట, నీళ్లు పోస్తూ నడవాలి. సిమెంటు, టైల్ కోసినప్పుడు వచ్చే సన్నని పొడి కోసేవాళ్ల ఊపిరితిత్తులకూ చేటు. కూలీలకు మాస్కులు మనమే కొనివ్వడం బాగుంటుంది, అదేమంత ఖర్చు కాదు.

నేల విషయంలో తొందరపడొద్దు

మాది కడప బండ నేల. నాయన ఇల్లు కట్టినప్పుడు యర్రగుంట్ల వైపు నుంచి తెప్పించిన నల్ల బండలు. పిల్లలకు, మా ఆయనకు అవి తీసేసి మెరిసే పెద్ద టైల్స్ వేయించాలని ఉండింది. చుట్టాల ఇళ్లన్నీ అట్లానే మారిపోయాయి. నేను షాపు నుంచి ఒక నమూనా టైల్ తెచ్చి వరండాలో పరిచి, నీళ్లు చల్లి నల్లోడిని పిలిచాను. ముందు కాళ్లు ఎక్కించాడు, గోళ్లు టకటకమన్నాయి. వెనక కాళ్లు ఎక్కించగానే రెండూ చెరో పక్కకు జారాయి. వేళ్లు విప్పి, గోళ్లు గుచ్చబోయి, నేల పట్టు దొరక్క అట్లానే వణుకుతూ నిలబడ్డాడు. నేను పొట్ట కింద చెయ్యేసి లేపి పాత బండ మీద పెట్టగానే తోక ఆడిస్తూ నడిచిపోయాడు. నాయన కూడా పక్కనే కుర్చీలో కూర్చుని చూశాడు. "వాడు జారితే నేనూ జారతానమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో టైల్స్ చర్చ ముగిసింది.

మీరూ కొనేముందు ఒక టైల్ ఇంటికి తెచ్చి, తడి చేసి, దాని మీద ఇంట్లో ముసలివాళ్లను ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించి చూడండి. షాపులో లైట్ల కింద చూసి తేల్చుకునే విషయం కాదిది. కీళ్లనొప్పులున్న కుక్క ఒకసారి జారిపడితే ఆ చోటుకే రావడం మానేస్తుంది, నీళ్ల గిన్నె అక్కడుంటే నీళ్లు కూడా తాగదు.

మేము బండలు అట్లానే ఉంచి, కదిలినవి మళ్లీ పరిపించి, సందులు నింపించి, పాలిష్ మాత్రం అద్దంలా కాకుండా కాస్త గరుకు మిగిలేలా ఆపించాం. టైల్స్ ఇప్పటికే వేసేసుకున్నవాళ్లు మంచం నుంచి బాత్రూం దాకా, కుక్క చోటు నుంచి గిన్నె దాకా కింద రబ్బరు ఉన్న మ్యాట్లు వరుసగా పరవండి. మ్యాట్ మడత పడితే దానికే తట్టుకుంటారు, అంచులు టేపుతో అంటించాలి. కుక్క గోళ్లు కత్తిరిస్తూ, పాదాల మెత్తల మధ్య పెరిగిన బొచ్చు తీసేస్తే పట్టు బాగా దొరుకుతుంది.

ఇక్కడే యాసిడ్ సంగతి చెప్పాలి. పని అయిపోయిన రోజు సిమెంటు మరకలు పోవడానికి కూలీలు యాసిడ్ పోసి రుద్దుతారు. కడప బండ సున్నపురాయి జాతి, యాసిడ్ దాన్ని తినేస్తుంది. నమ్మకం లేకపోతే వంటింటి బండ మీద నిమ్మకాయ పిండి వదిలేసిన చోటు చూడండి, నిగనిగ పోయి తెల్లటి మచ్చ పడుంటుంది. పైగా ఆ పొగ ఆపరేషన్ అయిన మనిషికి దగ్గు తెప్పిస్తుంది, ఆ యాసిడ్ తడి తగిలి కుక్క కాళ్లు కాలతాయి. బేల్దారికి ముందే చెప్పి, మరకలు పడిన వెంటనే తడిగుడ్డతో తుడిపించండి. ఎండిన మరకను చెక్కతో గీకి, సబ్బునీళ్లతో రుద్దాలి.

నల్లోడు

ముసలి కుక్కకు కళ్లు మసకబారతాయి, చెవులు వినపడవు, ఇల్లంతా వాసనతో, అలవాటుతో గుర్తుపడుతుంది. ఇల్లు తలకిందులైనా దాని గోనెపట్ట, దాని నీళ్ల గిన్నె మాత్రం ఉన్న చోటే ఉండాలి. పని అయ్యేదాకా ఆ గోనెపట్ట ఉతకొద్దు, ఆ వాసనే దానికి ధైర్యం. రాత్రి ఒక జీరో బల్బు వెలిగించి ఉంచండి.

పని మొదలుపెట్టకముందే ఒకసారి పశువుల డాక్టరుకు చూపించండి. నీళ్లు ఎక్కువ తాగుతోందా, బరువు తగ్గిందా, దగ్గుతోందా, రాత్రిళ్లు దిక్కు తెలియనట్టు తిరుగుతోందా అన్నవి గుర్తుపెట్టుకుని చెప్పాలి. మూత్రపిండాలు, కాలేయం ఎట్లున్నాయో రక్తపరీక్షలో తెలుస్తుంది. పెద్ద పరీక్షలు కావాలంటే మా జిల్లాలో ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఉంది. రేబిస్ టీకా తేదీ దాటి ఉంటే అప్పుడే వేయించేయండి, ఇంట్లో కొత్త మనుషులు తిరిగే రోజులు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: మనుషుల నొప్పి మాత్రలు కుక్కకు వేయకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, పారాసెటమాల్ కాలేయాన్ని పాడుచేస్తుంది. ఆపరేషన్ అయిన ఇంట్లో ఈ బిళ్లలే మంచం పక్కన ఉంటాయి. కుంటుతున్న కుక్కను చూసి జాలిపడి ఎవరో ఒకరు అరబిళ్ల పాలల్లో కలిపి పెడతారు. పిల్లలకు, పనిమనిషికి, చూడటానికొచ్చిన చుట్టాలకు కూడా చెప్పండి. బిళ్లల డబ్బా పైన సజ్జ మీద ఉండాలి, కిందపడిన బిళ్ల వెతికి తీయాలి. కుక్కల కీళ్లనొప్పులకు వేరే మందులున్నాయి, వాటి బరువును బట్టి డాక్టరు రాస్తారు.

నాయన ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నల్లోడు ఎగరబోతాడని మాకు తెలుసు. ముందే గొలుసు వేసి, నాయనను మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చోబెట్టి, ఒడిలో దిండు పెట్టి, అప్పుడు దగ్గరికి తీసుకుపోయాం. వాడు చేతులు నాకి, పాదాల దగ్గర తల పెట్టుకుని పడుకున్నాడు. చేతులు తర్వాత సబ్బుతో కడిగించాం. గాయాన్ని మాత్రం కుక్కను నాకనీయకూడదు. నాకితే పుండు మానుతుందని అనేవాళ్లున్నారు, కుక్క నోట్లోని క్రిములు కుట్లలోకి పోతాయి. కుట్లు మానేదాకా మంచం ఎక్కనీయొద్దు.

పని జరిగే రోజుల్లో గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చెవులు వినపడని కుక్క బయటికి పోతే పిలిచినా రాదు. మెడపట్టీకి మీ ఫోన్ నంబరు కుట్టించండి. తడి సిమెంటులో కాలు పెడితే వెంటనే బాగా నీళ్లు పోసి కడగాలి, అది చర్మాన్ని తినేస్తుంది. రంగు అంటితే టిన్నర్‌తో తుడవొద్దు, సబ్బునీళ్లు చాలు, ఎండిన బొచ్చు కత్తిరించేయొచ్చు. క్యూరింగ్ నీళ్లు, బ్రష్‌లు కడిగిన నీళ్లు తాగకుండా చూడాలి. రిపేరుకు సామాను కదిపినప్పుడు ఎలుకల మందు పెట్టే అలవాటుంటే ఈసారికి మానుకోండి.

తిండి మార్చొద్దు. మా నల్లోడికి రాగి సంకటి, పెరుగు, ఎముక తీసిన ఉడికిన కోడికూర, అదీ ఉల్లిపాయ, కారం వేయకముందు తీసిపెట్టినది. కూలీలు ప్రేమగా తమ క్యారియర్లోది వేస్తారు. ఉల్లిపాయ కుక్క రక్తానికి మంచిది కాదు, ఉడికిన ఎముక పేగులో గుచ్చుకుంటుంది. వాళ్లకు మెల్లగా చెప్తే వింటారు. నడకకు పొద్దున్నే ఎండ రాకముందు తీసుకుపోండి. రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే వాడి పాదాలూ ఉంచలేవు.

రంగులు వేసే రోజుల్లో వాసనకు ఇద్దరినీ ఇంట్లో ఉంచకూడదు. మేము ఒక్కొక్క గదికి రంగు వేయించి, కిటికీలు తెరిచి ఆరనిచ్చి, నాయన గదికి చివర వేయించాం. ఆ రాత్రులు నాయన, నల్లోడు వరండాలో దోమతెర కింద పడుకున్నారు. మిగిలిన బండ ముక్కలు పారేయకుండా రెండు మూడు మిద్దె మెట్ల కింద పెట్టించండి, రేపు ఏదైనా బండ పగిలితే అదే రంగులో మళ్లీ దొరకదు.